ఇనుప ఇరుసు బంగారమైందా? ఒకే పుస్తకం, ముగ్గురు పాఠకులు

ఓరుగల్లు ఎలా పుట్టిందో చెప్పే పాత కథ ఒకటుంది. దారిలో ఓ ఎడ్లబండి ఒరిగిపోయింది. లేపి చూస్తే దాని ఇనుప ఇరుసు బంగారమై మెరుస్తోంది. కబురు అనుమకొండలో ఉన్న కాకతీయ రాజు ప్రోలరాజుకు చేరింది. ఆయన వచ్చి చూస్తే అక్కడున్నది మామూలు రాయి కాదు, పరుసవేది లింగం. దానికి గుడి కట్టించాడు, ఆ గుడి చుట్టూ పట్నం వెలసింది. పదహారో శతాబ్దపు ప్రతాపరుద్ర చరిత్రము ఈ కథ చెబుతుంది. ఏకామ్రనాథుడు రాసిన ఆ పుస్తకాన్ని తెలుగు వచనంలో వచ్చిన తొలి చారిత్రక రచనల్లో ఒకటిగా లెక్కిస్తారు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో అందరం కూర్చుని ఉన్నప్పుడు ఈ కథ చదివి వినిపించాను. మా పెదనాన్న చివరిదాకా ఓపిగ్గా విని, "ఇందులో నాయకుల పేర్లు వస్తాయంటారే, మన ఇంటిపేరు వాళ్లు ఎక్కడైనా ఉన్నారా?" అని అడిగారు. కాలేజీలో చరిత్ర పాఠం చెప్పే మా వదిన, "ఇది చరిత్ర ఎలా అవుతుంది? ఏ శాసనంలో ఉంది?" అంది. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి వేరే సందేహం వచ్చింది. "ఇరుసు బంగారమైతే, దాన్ని పట్టుకుని లేపినవాళ్ల చేతులు ఎందుకు బంగారం కాలేదు నాన్నా?"

ఆ సాయంత్రం ముగ్గురూ ఆ పుస్తకం మీద మూడు అభిప్రాయాలు చెప్పారు. మా ఇంటిపేరు దొరక్కపోవడంతో పెదనాన్నకు అది పనికిరాని పుస్తకం అనిపించింది. వదిన నమ్మదగని పుస్తకం అంది. పాపకు మాత్రం తెగ నచ్చింది. పుస్తకాల మీద మనుషులు వాదించుకుంటుంటే నాకు ఆ సాయంత్రమే గుర్తుకొస్తుంది. చరిత్ర, వంశావళి, పిల్లల అద్భుత కథలు అనే మూడు రకాల పుస్తకాల దగ్గర అభిప్రాయాలు ఇంతగా చీలిపోవడానికి అభిరుచుల తేడా ఒక్కటే కారణమని నేను అనుకోను. ఒక్కో పాఠకుడు పుస్తకాన్ని ఒక్కో ప్రశ్నతో తెరుస్తాడు. ఆ ప్రశ్న ఏమిటో చెప్పకుండా తీర్పు మాత్రం చెబుతాడు. ఇది ఎలా జరుగుతుందో చూడటానికి కాకతీయుల కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఎందుకంటే అందులో ఈ మూడూ కలిసిపోయి ఉన్నాయి.

కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడి మరణమే తీసుకోండి. 1323లో ఓరుగల్లు కోట ఉలూఘ్ ఖాన్ సేనలకు లొంగిపోయింది. ఆ ఉలూఘ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టుకుని ఢిల్లీకి బయలుదేరారు. ఇంతవరకూ పెద్దగా పేచీ లేదు. ఆ తర్వాత ఏమైంది?

ఢిల్లీ సుల్తానుల చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్, రాజు దారిలోనే చనిపోయాడని రాశాడు. కోట పడిన కొన్నేళ్లకే ముసునూరి ప్రోలయ నాయకుడు ఇచ్చిన విలస తామ్రశాసనం కాస్త వివరంగా చెబుతుంది. రాజును తీసుకెళ్తుండగా సోమోద్భవ నది ఒడ్డున, అంటే నర్మదా తీరంలో, ఆయన ప్రాణం పోయిందట. ఆ తర్వాత వందేళ్లకు, 1423లో, రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఒక చిన్న మాట కలిపింది. ప్రతాపరుద్రుడు తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడని ఆ మాట. బందీ బతుకు భరించలేక తానే ప్రాణం తీసుకున్నాడని చరిత్రకారులు దాన్ని అర్థం చేసుకున్నారు.

ప్రతాపరుద్ర చరిత్రములో ముగింపు వేరు. అక్కడ రాజు ఢిల్లీ దాకా వెళ్తాడు. సుల్తాను తల్లి ఆయనలో శివాంశనూ, తన కొడుకులో విష్ణు అంశనూ గుర్తిస్తుంది. ఇలాంటివాణ్ణి బంధించి ఉంచకూడదని కొడుక్కి చెబుతుంది. రాజు విడుదలై ఓరుగల్లుకు తిరిగొస్తాడు. వచ్చాక తన నాయకులందర్నీ పిలిచి, ఇక ఎవరి సీమను వాళ్లు ఏలుకోమని చెబుతాడు.

మా వదిన లాంటి పాఠకురాలికి లెక్క తేలిక. సంఘటన జరిగిన కొద్దికాలానికే వేసిన రాగిరేకు ఒకవైపు, రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన కథ ఇంకోవైపు. ఏది నమ్మాలో అడగక్కర్లేదు. రాజు తిరిగి రాలేదు. ఆ విషయంలో నేనూ వదిన పక్షమే.

కానీ ఆ కథను అక్కడే పక్కన పెట్టేస్తే, దానిలోని అసలు సమాచారం చేజారిపోతుంది. రాజు తిరిగొచ్చినట్టు ఎందుకు రాయాల్సి వచ్చింది? ఈ ప్రశ్న మీద సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి శ్రద్ధగా పనిచేశారు. ఓరుగల్లు పతనం తర్వాత తెలుగు నేల మీద ఎన్నో నాయక కుటుంబాలు సొంతంగా పెరిగాయి. వాళ్ల అధికారానికి ఒక మూలం కావాలి. రాజు ఢిల్లీ దారిలో దిక్కులేకుండా చనిపోతే, వీళ్లంతా యజమాని పోయాక దొరికినంత ఆక్రమించుకున్నవాళ్లు అవుతారు. అదే రాజు తిరిగొచ్చి, ఎదురుగా నిలబెట్టి, మీ సీమ మీరు ఏలుకోండని చెప్పి ఉంటే? అప్పుడు ప్రతి నాయకుడి వంశమూ కాకతీయ సింహాసనం నుంచి మొలిచిన కొమ్మ అవుతుంది. చనిపోయిన రాజును కథ వెనక్కి తీసుకొచ్చింది అందుకే. అద్భుత కథగా కనిపించే ఆ ముగింపు నిజానికి ఒక వంశావళి చేయాల్సిన పని చేసిపెట్టింది. 1323లో ఏం జరిగిందో అది చెప్పలేదు. పదహారో శతాబ్దంలో తెలుగు నాయకులు తమను తాము ఏమనుకున్నారో మాత్రం అంతకంటే బాగా చెప్పే సాక్ష్యం దొరకడం కష్టం.

వంశావళి పాఠకుణ్ణి చాలామంది తేలిగ్గా చూస్తారు. నాకది సరిగా అనిపించదు. మా పెదనాన్న తన అరవయ్యో ఏట మొదలుపెట్టి, పాత దస్తావేజులు, పహాణీలు, పెళ్లి శుభలేఖలు, ఊళ్లో ముసలివాళ్ల జ్ఞాపకాలు పోగుచేసి ఆరు తరాల వంశవృక్షం గీశారు. రాజవంశాల గురించి పుస్తకాల్లో ఉంటుంది, తన ముత్తాత తండ్రి గురించి ఎక్కడా ఉండదు. ఆయన ఏ పుస్తకం తెరిచినా మొదట వెతికేది తన మనిషినే. నాలుగు వందల పేజీల పరిశోధన గ్రంథమైనా తన ఊరి పేరు లేకపోతే ఆయనకు అది పరాయి పుస్తకం. ఇరవై పేజీల స్థానిక చరిత్రలో తన తాత పేరు ఒక్కసారి కనిపిస్తే దాన్ని అట్టవేసి బీరువాలో దాస్తారు.

ఈ పాఠకులకు మన దగ్గర ఒక పెద్ద గని ఉంది. కైఫీయతులు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు, వాళ్ల కింద పనిచేసినవాళ్లు ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న లెక్కలు, గుడి వృత్తాంతాలు, జమీందారుల వంశ కథలు రాయించి పోగుచేశారు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటిలో చాలా భాగానికి ప్రతులు తయారు చేయించాడు. ఒక్క కైఫీయతు తెరిస్తే పై పేజీలో యుగాల నాటి ఋషి తపస్సు చేస్తుంటాడు. నాలుగు పేజీలు తిప్పేసరికి గోల్కొండ నవాబు కాలంలో ఎవరికి ఎన్ని మాన్యాలు ఉండేవో లెక్క వస్తుంది. మూడు రకాల పాఠకులకూ అందులో చోటుంది, ముగ్గురికీ చికాకు తెప్పించే భాగమూ ఉంది.

వంశావళిని చదివేటప్పుడు గుర్తు పెట్టుకోవాల్సిన కిటుకు ఒకటి ఉంది. అది దగ్గర తరాల్లో ఎంత గట్టిగా ఉంటుందో పైకి పోయేకొద్దీ అంత పలచబడుతుంది. భూమి హక్కు, వారసత్వం తేల్చాల్సిన దగ్గర తండ్రి పేరు, తాత పేరు తప్పు రాస్తే పక్కింటివాడే వచ్చి అడ్డుపడతాడు. పదిహేనో తరం పేరు తప్పని చెప్పడానికి ఎవరూ లేరు. అందుకే అక్కడ దేవతలూ సూర్యచంద్రులూ వచ్చి కూర్చుంటారు. కాకతీయుల శాసనాల్లోనూ ఇదే కనిపిస్తుంది. గణపతిదేవుడి నాటి కొన్ని శాసనాలు వంశాన్ని సూర్యుడి దాకా తీసుకెళ్తాయి. అదే కాలపు మరికొన్ని శాసనాలు కాకతీయులను నాలుగో వర్ణం వాళ్లని చెబుతాయి, అలా చెప్పడంలో చిన్నతనం ఏమీ చూడవు. ఏ శాసనం ఎవరు వేయించారు, ఎవరు చదవాలని వేయించారు అన్నది చూస్తేగానీ ఈ తేడా అర్థం కాదు.

ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన శాసనం గురించి చెప్పాలి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం చెరువు ఉంది. దాన్ని తవ్వించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. చెరువు దగ్గర ఆమె వేయించిన శాసనంలో పుట్టింటి వంశక్రమం ఉంది. వెన్నడు అనే మూలపురుషుడితో మొదలై గుండలు, ఎర్ర, బేతరాజుల మీదుగా తరం తర్వాత తరం వరుసగా వస్తుంది. కాకతి అనే చోటి నుంచి పాలించినందువల్ల ఆ పేరు వచ్చిందని కూడా అందులోనే ఉంది. తొలి కాకతీయుల వరస తేల్చడానికి పరిశోధకులు ఎక్కువగా ఆధారపడే శాసనాల్లో ఇదొకటి. పెళ్లయి వేరే ఇంటికి వెళ్లిన ఆడపిల్ల నీళ్ల కోసం చెరువు తవ్వించి, పుట్టింటివాళ్ల పేర్లు రాతి మీద నిలిపింది. మన ఇళ్లలో గీసే వంశవృక్షాల్లో ఆడపిల్లల పేర్లు ఎన్ని ఉంటాయో ఒకసారి చూసుకోండి. కోడళ్ల పేర్లు ఉన్నా పుట్టింటి ఇంటిపేరు ఉండదు. కూతుళ్లు ఒక తరం తర్వాత మాయమైపోతారు. వంశవృక్షాల మీద నాకు నిజమైన ఫిర్యాదు ఏదైనా ఉంటే అది ఇదే. సూర్యుడి దాకా వెళ్లడం మీద నాకంత కోపం లేదు.

చరిత్ర పుస్తకాల మీద పాఠకులు చెప్పే ఫిర్యాదు ఇంకో రకం. "ఒకాయన ఒకలా రాస్తాడు, ఇంకొకాయన ఇంకోలా రాస్తాడు, నిన్న చదివింది ఇవాళ మారుతుంది, ఇక దేన్ని నమ్మాలి?" అంటారు. రుద్రమదేవి విషయంలో ఇది మరీ కనిపిస్తుంది. ఆమె కాలం తర్వాత కొన్నేళ్లకు తీరాంధ్ర గురించి రాసిన మార్కో పోలో, ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా చెప్పాడు. భర్త పోయాక నలభై ఏళ్లు న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. కానీ 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుడి కుమార్తె అంటుంది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త. రాజ్యం ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. పురుష వేషం, పురుష నామం ధరించి రుద్రదేవ మహారాజుగా శాసనాల్లో కనిపించే రాణి గురించి దూరదేశం మనిషి విన్న మాటల్లో చుట్టరికం తారుమారైంది. పాలన బాగుందన్న మాట మాత్రం తారుమారు కాలేదు.

ఆమె మరణించిన ఏడాది కూడా మారింది. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఆమె పాలన 1295 దాకా, కొన్నిట్లో 1296 దాకా ఉండేది. నల్గొండ జిల్లా చందుపట్లలో ఓ శాసనం బయటపడింది. పువ్వుల ముమ్మడి అనే ఆయన, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివసాయుజ్యం, అంటే చనిపోయాక శివుడిలో కలిసే భాగ్యం, కలగాలని దానం చేసినట్టు 1289 నవంబరు తేదీతో అందులో ఉంది. అంటే అప్పటికే ఇద్దరూ లేరు. ఒక్క రాయి ఆరేడేళ్లు చెరిపేసింది. రాణి, సేనాని ఒకేసారి పోయారు కాబట్టి ఏదో యుద్ధంలోనే అయి ఉంటుందనీ, అది ఆమె మీద తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధమనీ చరిత్రకారులు ఊహించారు. ఊహ బలంగానే ఉంది. అయినా ఇక్కడ శాసనం చెప్పిన మాట ఏది, చరిత్రకారుడు చెప్పిన మాట ఏది అని పాఠకుడికి విడివిడిగా తెలియాలి. మంచి చరిత్ర పుస్తకం ఆ గీత స్పష్టంగా గీస్తుంది. కథనం బిగువుగా సాగాలన్న ఆశతో ఆ గీత చెరిపేసే పుస్తకాలు చదవడానికి హాయిగా ఉంటాయి, ఎక్కువమందికి నచ్చుతాయి కూడా. వాటికి వచ్చే మెచ్చుకోలు, గీత చెరపని పుస్తకాలకు వచ్చే "బోర్ కొడుతోంది" అన్న మాట, రెండూ నన్ను బాధిస్తాయి. ఏడాది మారిందంటే చరిత్రకారుడు నిన్న అబద్ధం చెప్పాడని అర్థం కాదు. నిన్నటికి ఆ రాయి దొరకలేదు, అంతే.

కల్పన నుంచి చరిత్ర ఎలా తీయాలో తెలుగులో సురవరం ప్రతాపరెడ్డి గారు చూపించారు. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం దానికే దక్కింది. కావ్యాల్లో కథ ఎంత కల్పితమైనా, కవి తన చుట్టూ చూసిన తిండి, బట్ట, ఆట, సంత, జూదం అందులోకి వచ్చి చేరతాయి. కాకతీయుల కాలపు ఓరుగల్లు వీధులు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి క్రీడాభిరామం అనే పాత కావ్యం పనికొచ్చింది అందుకే. అక్కడి పాత్రలు నిజంగా ఉన్నారా అని ఎవరూ అడగరు. వీధి నిజమా కాదా అని అడుగుతారు.

ఇక మా అమ్మాయి దగ్గరికి వద్దాం. పిల్లల అద్భుత కథల మీద పెద్దవాళ్ల అభిప్రాయాలు రెండుగా చీలతాయి. మంత్రాలు, రాక్షసులు, మాయలు చదివితే పిల్లలు మూఢనమ్మకాల్లో పడతారని కొందరి భయం. ఊహ పెరగాలంటే అవే కావాలని ఇంకొందరి మాట. చందమామ చదివి పెరిగిన తరాలు ఈ వాదన బాగా ఎరుగుదురు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయన పక్కా హేతువాది. అదే పత్రికలో 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకు పైగా దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు వచ్చాయి. మాంత్రికులు, పాతాళ దుర్గాలు, వింత జంతువులు, వాటికి చిత్రా గారి బొమ్మలు. రచయిత పేరు వేయకుండానే అవి అచ్చయ్యేవి. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే పిల్లలు నెలంతా ఎదురుచూశారు. హేతువాది సంపాదకుడు మాంత్రికుల కథలు వేయడంలో నాకు వైరుధ్యం కనిపించదు. ఎందుకో చెప్పడానికి బేతాళ కథలే చాలు. శవం మాట్లాడుతుంది, అది అసాధ్యం. కానీ ప్రతి కథ చివరా ఒక చిక్కుప్రశ్న వస్తుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. విక్రమార్కుడు కారణాలు చూపించి జవాబు చెప్పాల్సిందే. అంత అసాధ్యమైన చోట కూర్చోబెట్టి ఆ కథ పిల్లవాడి చేత తర్కం చేయిస్తుంది.

పాప అడిగిన ప్రశ్న మళ్లీ చూడండి. ఇనుము బంగారమవుతుందా అని ఆమె అడగలేదు. అది కాదని ఆమెకు తెలుసు. అయితే గియితే, చేతులెందుకు బంగారం కాలేదు అని అడిగింది. కథ పెట్టుకున్న నియమం కథలో చివరిదాకా నిలుస్తుందా లేదా అన్నదే పిల్లల పరీక్ష. పెద్దవాళ్ల పరీక్ష కంటే ఇది కఠినం. చివర్లో ఎవరో దేవత వచ్చి అంతా సర్దేస్తే పిల్లలు ఊరుకోరు. "మరి ముందే ఎందుకు రాలేదు?" అంటారు. కాబట్టి అద్భుత కథ మీద పెద్దవాళ్ల అభిప్రాయం, పిల్లల అభిప్రాయం ఒకదానికొకటి అడ్డం వస్తే, పిల్లల మాట ముందు వినాలని నేనంటాను. పెద్దవాళ్లు నీతి ఉందా లేదా అని వెతుకుతారు. నీతి బాగుండి కథ కుదరని పుస్తకాలు కొనిపెట్టి, పిల్లలు చదవట్లేదని మళ్లీ మనమే వాపోతాం.

మరి అభిప్రాయాలన్నీ సరైనవేనా? కావు. ఒక చోట మాత్రం పాఠకుడి కోపం పూర్తిగా న్యాయమైనది. అట్ట మీద ఒకటి చెప్పి లోపల ఇంకొకటి పెట్టిన పుస్తకం దగ్గర. వంశ ప్రశస్తిని చరిత్ర పేరుతో అచ్చు వేస్తే, అది చదివినవాళ్లు పక్క కులం, పక్క ఊరివాళ్లతో తగాదా పడతారు. తాతలు ఎవరన్నది గొడవల దాకా వెళ్లే విషయం. పరుసవేది కథను పాఠ్యాంశంలో సంఘటనలా రాస్తే, పదేళ్ల తర్వాత అది చదివిన పిల్ల శాసనాన్ని కూడా నమ్మదు. అదే కథను "జనం ఇలా చెప్పుకున్నారు" అన్న ఒక్క వాక్యంతో మొదలుపెడితే ముగ్గురు పాఠకుల్లో ఒక్కరికీ మోసం జరగదు. నేను ఎవరికైనా పుస్తకం గురించి చెప్పాల్సి వస్తే ఇప్పుడు మొదట నేను దాన్ని దేనికోసం తీశానో చెబుతున్నాను. బాగుంది, బాగాలేదు అన్న మాట ఆ తర్వాతే. వినేవాళ్లకు కావాల్సింది వేరైతే, నాకు నచ్చని పుస్తకమే వాళ్లకు పనికిరావచ్చు.

సెలవులు అయ్యాక పెదనాన్నకు బయ్యారం శాసనం సంగతి ఫోన్లో వివరంగా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. వారం తర్వాత తనే ఫోన్ చేసి, వంశవృక్షం కాగితం మళ్లీ ముందేసుకున్నానన్నారు. పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కోడళ్ల పుట్టింటి ఇంటిపేర్లు, బయటికి వెళ్లిన ఆడపిల్లల పేర్లు రాస్తున్నారట. మూడు తరాలు వచ్చాయి. నాలుగో తరంలో ఇద్దరు కోడళ్ల పేర్లే ఎవరికీ గుర్తులేవు. ఆ రెండు గళ్లు ఖాళీగా ఉంచారు, పెన్సిల్‌తో గీసి.